ఎనిమిదో బోరు లెక్క

మా తాత ఇస్తారి,
బాప్తిస్మం నాడు ఇస్రాయేలైనోడు,
ఇరవై రెండు గజాల బాయి తవ్విండు
గడ్డపారతోని. మట్టి మోసింది నాయినమ్మ.
ఆ నీళ్లు తాగినోళ్ల పండ్లు
పాడె ఎక్కేదాక తెల్లగనే ఉన్నయి.

నేను బోర్లేయించిన.
మొదటిది మూడొందల ఫీట్లు,
నాలుగోది ఆరొందలు,
ఎనిమిదోది తొమ్మిదొందల ఎనభై.
రిగ్గు బండి పొద్దుందాక తెల్లదుమ్ము కక్కింది
మా రేకుల మీద, ఆరేసిన చీరెల మీద,
చర్చి సిలువ మీద.
నడిరాత్రి రెండించుల నీళ్లు లేస్తే
ఆ బురదల్నే మోకాళ్లూని
స్తోత్రం, స్తోత్రమన్న.
బత్తాయి తోట పచ్చబడ్డది.
రెండో ఎండాకాలానికి
తాత బాయిల పావురాలు గూడు కట్టినయి.

ఎవ్వలడుగుతరు?
సంఘానికి పెద్దను నేను.
కానుకల పెట్టె తాళంచెవి నా మొలతాడుకే ఉంటది.
కొవ్వొత్తులకెంత, మైకుసెట్టుకెంత,
చిరిగిన పది నోటొకటి పడితే
అది సుత రాసిపెడుత.
తోట దశమభాగం తోటది, బర్రెపాలది పాలది,
పైస తేడా రాదు.
భూమి కడుపులది మాత్రం
ఏ పద్దు కింద రాయాల్నో తెల్వక
రాయలే.

మొన్న కోతపండుగ.
గుమ్మడికాయలు, కందుల మూట,
కాళ్లు కట్టిన నాటుకోడి,
అన్నిటి ముంగట నా బత్తాయిలు రెండు గంపలు.
జక్కయ్య వేలం పాడుతుంటే
నాంపల్లి దాక వినపడుతది.
కోడి పన్నెండొందలు పలికింది.

అప్పుడు తబితమ్మ లేచింది.
లేసుడంటే,
ఒక చేత గోడ, ఒక చేత కట్టె,
వంకరవోయిన కాళ్లను
ఒక్కొక్కదాన్ని బతిమాలుకుంట.
నాకంటె నాలుగేండ్లు చిన్నది.
పన్నెండేండ్ల కింద నా మడిలనే నాట్లేసింది,
పాట అందుకుంటే ఆగకపోయేది.
నేను డబ్బా నీళ్లు కొనుక్కొని తాగుత.
ఆమె బిందె
నా తోటకాడి పైపు కింద నిండుతది.

రాగి చెంబు తెచ్చి బల్ల మీద పెట్టింది.
"ఉత్తర కార్తెల పడ్డ వాన.
రేకు కింద పట్టి, పాత ధోతితోని వడగట్టి
కుండల దాచిన.
ఈ యేడు నాకు పండింది గిదే."

జక్కయ్య నవ్వబోయి ఆగిండు.
పాట పెట్టాల్నా వద్దా అన్నట్టు
పాస్టరు సీలాసు దిక్కు చూసిండు.
ఆయన కండ్లద్దాలు తుడుస్తున్నడు,
తుడిచినయే మల్ల.

నేనే పాడిన. ఐదొందలు.
మీదికి ఎవ్వలు రాలే.

ఇంటికైతే తెచ్చిన.
తాగబుద్ధి కాలే, పారబోయబుద్ధి కాలే.
అద్దాల అల్మారల పెట్టిన,
మల్ల తీసిన. చెంబు తిరిగియ్యాలె గదా.

సండేస్కూల్ల పిల్లలకు చెప్పేటోన్ని,
యజమాని సొమ్మును గుంట తీసి
మట్టిల దాచినోని కథ.
సోమరోడు, పనికిమాలినోడు అని
బెత్తం ఊపుకుంట చెప్పేటోన్ని.
వాడు నయం.
యజమాని వచ్చి అడుగంగనే తవ్వి
ఉన్నదున్నట్టు చేతుల పెట్టిండు.
నేను తొమ్మిదొందల ఎనభై ఫీట్లు తవ్వి,
ఆయన దాచింది
తీసుకొని తిన్న.

రాత్రి కరెంటు పోయి వచ్చింది.
ఆటోమేటిక్ స్టార్టరు టక్కుమన్నది,
ఎవ్వలు చెప్పకుండనే.
ఇన్నేండ్లు ఆ సప్పుడుకే
నిద్ర బాగ పట్టేది నాకు.
లుంగీ సదురుకొని పోయి
వైరు గుంజిన.
నీళ్లు పైపుల ఒక్క గుటక వెనుకకు మింగి
ఊకున్నయి.
చెట్లు నా దిక్కు చూసినయో లేదో
చీకట్ల తెల్వలే.
వాటి దప్పి సుత లెక్కల్నే ఉంటది.
పొద్దుగాల మల్ల పెట్టిన,
గట్టు మీద గడియారం చూసుకుంట కూసొని,
గంటకే బంజేసిన.

సంఘం బుక్కు కాదు, నా బుక్కే,
కొత్త పేజీ తీసి తారీఖేసి
మీద నీళ్లు అని రాసిన.
జమ: ఒక చెంబు, తబితమ్మది.
ఖర్చు అని రాసి
చుక్క మీద పెట్టిన పెన్ను
ఇంకా ఎత్తలే.